భూమిని ఫీజుగా పుచ్చుకున్న ప్లీడరు

సైన్సు విద్యార్థికి ప్లీడర్ల జీవితాలతో ఏం పని అని మిత్రులు నవ్వవచ్చు. కాని భూమి, దస్తావేజు అన్న మాట వినబడితే రైతుబిడ్డ చెవి అటే పోతుంది. అందుకే అమెరికాలోని న్యూమెక్సికోలో పేరు మోసిన థామస్ బెంటన్ కాట్రన్‌ను గురించి నాలుగు మాటలు రాస్తున్నాను.

కాట్రన్ 1840లో మిస్సోరీ రాష్ట్రంలో పుట్టాడు. 1860లో పట్టభద్రుడయ్యాడు. అంతర్యుద్ధంలో దక్షిణాది పక్షాన పోరాడి, ఓటమి తర్వాత 1866లో న్యూమెక్సికో చేరాడు. అది అప్పటికింకా రాష్ట్రం కాదు, కేంద్రం చేతికింద ఉన్న టెరిటరీ. జనం మాట్లాడేది స్పానిష్. పట్టుబట్టి ఆ భాష నేర్చుకున్నాడు. ప్లీడరీ పెట్టి, 1869 నాటికే టెరిటరీ అటార్నీ జనరల్ అయ్యాడు. మెచ్చుకోవలసిన పట్టుదలే!

అసలు కథ ఇక్కడే ఉంది. 1848 సంధితో మెక్సికో నుంచి ఆ ప్రాంతం అమెరికాకు వచ్చింది. జనం ఆస్తులకు భంగం రాదని సంధిలో హామీ ఉంది. అయితే పాత ఇనాములకు సరిహద్దులు ఏ వాగో, ఏ గుట్టో. హక్కును అమెరికా చట్టం ప్రకారం రుజువు చేసుకోవాలి. పల్లెవాళ్ల దగ్గర డబ్బేదీ? ఫీజు కింద ప్లీడర్లు భూమిలోనే వాటా పుచ్చుకున్నారు. కాట్రన్ వాటాలు కొన్నాడు కూడా.

1832లో మెక్సికో ప్రభుత్వం ఇచ్చిన టియెర్రా అమరిల్లా ఇనాము సుమారు 5,94,000 ఎకరాలు. పశువుల మేతకూ వంటచెరుకుకూ అది ఊరుమ్మడి అని అక్కడివాళ్ల నమ్మకం. కాంగ్రెసు మాత్రం 1860లో దాన్ని ఒక కుటుంబపు సొంత ఆస్తిగా ఖాయం చేసింది. కాట్రన్ వారసుల వాటాలు ఒక్కొక్కటే కొని, 1883కల్లా హక్కుదారైపోయాడు. మా ఊళ్లో మేతబీడు రాత్రికి రాత్రి ఒకరి పట్టా అయిపోతే ఎట్లా ఉంటుందో ఊహించుకుంటే నాకు గుండె ఝల్లుమంటుంది.

రాజకీయాల్లోనూ ఆయనదే పైచేయి. రిపబ్లికన్ పార్టీలో పెద్ద తలకాయ. 1895 నుంచి 1897 దాకా వాషింగ్టన్‌లో టెరిటరీ ప్రతినిధి; మాట్లాడవచ్చు గాని ఓటు లేదు. రాష్ట్ర హోదా కోసం ఏళ్ల తరబడి పాటుపడ్డాడు. 1912లో అది రాగానే తొలి సెనేటర్లిద్దరిలో ఒకడయ్యాడు. 1921లో కన్నుమూశాడు. అదే ఏడు ఒక కౌంటీకి ఆయన పేరు పెట్టారు.

కాని జనం మరచిపోలేదు. 1967 జూన్ 5న పాత ఇనాము భూములు తిరిగి కావాలన్నవాళ్లు తుపాకులతో టియెర్రా అమరిల్లా కోర్టు మీద పడ్డారు.

కాట్రన్ తెలివిని కాదనలేం. అయితే చదువు రాని రైతు కాగితం పట్టుకుని మన దగ్గరికే వస్తాడు. ఆ కాగితం చదివి చెప్పడానికి వాడి పొలంలో వాటా అడుగుతామా? రేపు ఉద్యోగాల్లో కూర్చోబోయే మనం ఇప్పుడే తేల్చుకోవాలి.