పసిరికల గుట్టు విప్పిన బ్లూంబర్గ్

రాజన్న దగ్గర తలనీలాలిచ్చేటప్పుడు కొత్త బ్లేడే ఎందుకు అడగాలో బరూచ్ బ్లూంబర్గ్ జీవితం చదివితే తెలుస్తుంది. పసిరికలన్నీ నీళ్లతో రావు. హెపటైటిస్-బి రక్తంతో అంటుతుంది. హాస్టల్లో ఒకరి బ్లేడు మరొకరు వాడినా అంటవచ్చు.

ఆయన 1925 జూలై 28న న్యూయార్క్‌లో జన్మించారు. నిజానికి ఆయన పసిరికల కోసం వెతకలేదు. ఒకే జబ్బు కొందరికే ఎందుకు వస్తుందో తెలుసుకోవాలని దేశదేశాల ప్రజల రక్తం పరీక్షించారు. ఆస్ట్రేలియా ఆదివాసి ఒకరి రక్తంలో కనిపించిన కొత్త పదార్థం ఈ వైరస్ పైపొరేనని తర్వాత తేలింది. దాంతో దాతల రక్తాన్ని పరీక్షించే వీలు కలిగింది. 1969లో మిల్‌మన్‌తో కలిసి ఆ పైపొరతోనే టీకా చేసే పద్ధతి కనిపెట్టారు. 1976లో నోబెల్ అందుకున్నారు. 2011లో కన్నుమూశారు. ఆయన పుట్టినరోజే ప్రపంచ హెపటైటిస్ దినం.

టీకా వచ్చినా చాలాకాలం పేదవాడికి అందని ధర. 1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ చౌకగా తయారుచేశాకే మన ఊళ్ల దాకా వచ్చింది.