తోలు వాషర్‌తో లిఫ్టును నిలబెట్టిన పనివాడు: హెన్రీ మాడ్‌స్లే

మోరిస్‌విల్‌లో మనం ఉండే అపార్టుమెంట్లలో, పనిచేసే చిన్న చిన్న ఆఫీసు బిల్డింగుల్లో లిఫ్టు ఎక్కినప్పుడు ఒకసారి చెవి పెట్టి వినండి. పైకి వెళ్ళేటప్పుడు మోటారు మూలుగు వినిపించి, కిందికి దిగేటప్పుడు వినిపించకపోతే అది నూనెతో నడిచే హైడ్రాలిక్ లిఫ్టు అయ్యుంటుంది. అమెరికాలో రెండు మూడంతస్తుల బిల్డింగుల్లో ఎక్కువగా ఉండేవి ఇవే.

దీని పని చాలా సులువు. కింద ఒక సిలిండర్, అందులో నున్నటి స్టీలు కడ్డీ ఉంటాయి. పంపు నూనెను లోపలికి తోస్తే కడ్డీ లేస్తుంది, దాంతోపాటు లిఫ్టూ లేస్తుంది. దిగడానికి పంపుతో పనిలేదు. ఒక వాల్వు తెరుచుకుంటే చాలు, లిఫ్టు తన బరువుతోనే నూనెను తిరిగి ట్యాంకులోకి నెట్టుకుంటూ దిగుతుంది. అంతస్తు దగ్గర పడగానే వాల్వు నూనె దారిని ఇరుకు చేస్తుంది. అందుకే కుదుపు లేకుండా ఆగుతుంది. అయితే కడ్డీ చుట్టూ ఉన్న సందులోంచి నూనె కారిపోతే ఎంత మంచి వాల్వు పెట్టినా లాభం లేదు. ఆ సందును మూసే కిటుకు కనిపెట్టినవాడిగా పేరున్న మనిషి కథ ఇది. ఆయన యజమాని కాదు, వారానికి ఇంత అని కూలి తీసుకునే పనివాడు.

హెన్రీ మాడ్‌స్లే 1771 ఆగస్టు 22న లండన్ పక్కనున్న వూలిచ్‌లో పుట్టాడు. బడి చదువు పెద్దగా లేదు. పన్నెండో ఏటే అక్కడి ఆయుధాల కర్మాగారంలో తుపాకీ గుళ్ళలో మందు కూరే పనికి కుదిరాడు. తర్వాత వడ్రంగం షాపులో, ఆపైన కమ్మరి కొలిమిలో పనిచేశాడు. ఇనుము అతని చేతికి మైనంలా లొంగేదట.

ఆ రోజుల్లో లండన్‌లో జోసెఫ్ బ్రామా అనే ఆయన తాళాల తయారీలో పేరు మోసినవాడు. ఈయనా పల్లెటూరి రైతుబిడ్డే, యార్క్‌షైర్ నుంచి బతుకుతెరువుకి వచ్చిన వడ్రంగి. తన తాళాన్ని సరిగ్గా, చౌకగా తయారుచేసే చేయి కోసం వెతుకుతూ పద్దెనిమిదేళ్ళ మాడ్‌స్లేని పిలిపించాడు. కానీ ఏడేళ్ళు శిష్యరికం చేసినట్టు రుజువు లేనివాణ్ణి తోటి పనివాళ్ళు ఒప్పుకోరని షాపు పెద్ద అడ్డుపడ్డాడు. అప్పుడు మాడ్‌స్లే ఆ షాపులోనే మూల పడివున్న అరిగిపోయిన బెంచ్ వైస్‌ని చూపించి, సాయంత్రానికల్లా కొత్తదానిలా చేసి పెడతానన్నాడనీ, చేసి చూపించాడనీ చెబుతారు. సర్టిఫికెట్ లేదన్న మాట పడినవాళ్ళకి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. కొన్నాళ్ళకి అదే షాపుకి అతనే ఫోర్‌మన్ అయ్యాడు.

1795లో బ్రామా హైడ్రాలిక్ ప్రెస్‌కి పేటెంట్ తీసుకున్నాడు. చిన్న పంపుతో నీటిని పెద్ద సిలిండర్‌లోకి తోస్తే బలం ఎన్నో రెట్లు పెరుగుతుంది. పెద్దదాని అడ్డుకొలత చిన్నదానికి పది రెట్లుంటే బలం నూరు రెట్లు. కానీ యంత్రం కారేది. కడ్డీ చుట్టూ బిగించి కడితే కదిలేది కాదు, వదులు చేస్తే నీళ్ళు చిమ్మేవి. మాడ్‌స్లే అక్కడ గిన్నెలా వంచిన తోలు పట్టీని అమర్చాడని ఆయన దగ్గర పనిచేసిన జేమ్స్ నాస్మిత్ రాసిపెట్టాడు. నీటి ఒత్తిడి పెరిగేకొద్దీ తోలు అంచు కడ్డీకి ఇంకా గట్టిగా అతుక్కుంటుంది. ఒత్తిడి తగ్గగానే పట్టు సడలి కడ్డీ తేలిగ్గా వెనక్కి వస్తుంది. మన ఊళ్ళో సైకిల్ పంపు విప్పి, తోలు వాషర్‌కి నూనె రాసిన వాళ్ళకి ఈ కిటుకు వెంటనే అర్థమవుతుంది. ఈనాటి హైడ్రాలిక్ సీళ్ళలో తోలు పోయి రబ్బరూ ప్లాస్టిక్కూ వచ్చాయి గానీ, సూత్రం మాత్రం మారలేదు.

పేటెంట్ మీద పేరు బ్రామాది. మాడ్‌స్లేకి వచ్చేది వారానికి 30 షిల్లింగులు. పెళ్ళాం, పిల్లలు, పెరిగే ఖర్చు. 1797లో జీతం పెంచమని అడిగాడు. బ్రామా కుదరదన్నాడు. మాడ్‌స్లే పని మానేసి, ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్ దగ్గర వెల్స్ స్ట్రీట్‌లో సొంతంగా చిన్న షాపు పెట్టుకున్నాడు.

ఆ తర్వాతే అతని పేరు లోకానికి తెలిసింది. మరలు కచ్చితంగా కోసే లేత్ తయారుచేశాడు. అంతకుముందు ఏ బోల్టుకి దాని నట్టే పట్టేది, ఇంకోటి పట్టేది కాదు. పోర్ట్స్‌మత్ నౌకాశ్రయంలో ఓడల కప్పీలు చేసే యంత్రాలు కట్టాడు. 110 మంది నేర్పరులు చేసే పనిని పదిమంది మామూలు కూలీలు చేయగలిగారు. తక్కిన వందమంది సంగతి కూడా మనం గుర్తుంచుకోవాలి. యంత్రం ఎవరికి అన్నం పెట్టింది, ఎవరి నోటి దగ్గరిది లాక్కుంది అన్న ప్రశ్న అప్పటిదే, ఇప్పటికీ ఉంది.

తనకి తెలిసింది మాడ్‌స్లే దాచుకోలేదు. అతని షాపులో పని నేర్చిన జోసెఫ్ విట్‌వర్త్ మరల కొలతలకి ఒక పద్ధతి తెచ్చాడు. నాస్మిత్ ఆవిరి సుత్తి చేశాడు. 1831 ఫిబ్రవరి 14న మాడ్‌స్లే చనిపోయాడు. పుట్టిన వూలిచ్‌లోనే సమాధి చేశారు. 1846లో విలియం ఆర్మ్‌స్ట్రాంగ్ న్యూకాసిల్ రేవులో నీటి ఒత్తిడితో క్రేన్ నడిపించాడు. 1889 నాటికి ఈఫిల్ టవర్‌లో హైడ్రాలిక్ లిఫ్టులు జనాన్ని పైకి మోశాయి.

మాడ్‌స్లేలా ఆ పూటే పని మానేసి షాపు పెట్టడం మనలో చాలామందికి వీలుపడదు. వీసా యజమానితో ముడిపడి ఉంటుంది, పిల్లల బడి ఉంటుంది, ఊళ్ళో అప్పు ఉంటుంది. కానీ అడగడం మాత్రం అతని దగ్గర నేర్చుకోవచ్చు. మీరు చేసిన పని ఏమిటో, ఏ రోజున చేశారో ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి. జీతం మాట వచ్చినప్పుడు ఆ పుస్తకం మీ తరఫున మాట్లాడుతుంది. మాడ్‌స్లే చేసిన వాషర్ సంగతి కూడా నాస్మిత్ రాసిపెట్టబట్టే మనదాకా వచ్చింది.