హోవార్డ్ టెమిన్

హోవార్డ్ మార్టిన్ టెమిన్ (డిసెంబరు 10, 1934 – ఫిబ్రవరి 9, 1994) ప్రముఖ అమెరికా జీవశాస్త్రవేత్త. కొన్ని వైరసులు తమ ఆర్.ఎన్.ఏ. నుండి డి.ఎన్.ఏ.ను తయారు చేసుకొంటాయని నిరూపించాడు. 1975లో డేవిడ్ బాల్టిమోర్, రెనాటో డల్బెకోలతో కలసి వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందాడు.

బాల్యం, విద్య

టెమిన్ ఫిలడెల్ఫియా నగరంలో జన్మించాడు. 1955లో స్వార్త్‌మోర్ కళాశాలలో పట్టభద్రుడై, కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో డల్బెకో ప్రయోగశాలలో చేరి, 1959లో డాక్టరేటు పొందాడు. కోళ్ళలో క్యాన్సరు కలిగించే రౌస్ సార్కోమా వైరసును కొలిచే పద్ధతిని 1958లో హ్యారీ రూబిన్‌తో కలసి రూపొందించాడు. 1960లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో చేరి, జీవితాంతం అక్కడే పనిచేశాడు.

ప్రోవైరస్ ప్రతిపాదన

జీవకణంలో జన్యు సమాచారం డి.ఎన్.ఏ.లో ఉంటుంది. దానికి నకలుగా ఆర్.ఎన్.ఏ. తయారవుతుంది. ఆ నకలును అనుసరించి రైబోజోములు అమైనో ఆమ్లాలను వరుసగా కూర్చి ప్రోటీనులను నిర్మిస్తాయి. ఈ ప్రవాహం వెనుకకు మరలదని ఆనాటి శాస్త్రజ్ఞులలో అధికుల నమ్మకం.

రౌస్ వైరసులో ఉన్నది ఆర్.ఎన్.ఏ. మాత్రమే. అయినా, డి.ఎన్.ఏ. నుండి ఆర్.ఎన్.ఏ. తయారుకాకుండా అడ్డుకొనే ఆక్టినోమైసిన్-డి అనే మందు ఈ వైరసు వృద్ధిని కూడా ఆపివేయడం టెమిన్ గమనించాడు. వైరసు ఆర్.ఎన్.ఏ. మొదట డి.ఎన్.ఏ.గా మారి, కణపు జన్యువులలో చేరి ఉంటుందని 1964లో ప్రతిపాదించాడు. ఆ రూపానికి ప్రోవైరస్ అని పేరు పెట్టాడు. ఆధారాలు పరోక్షమైనవి కావడం వలన దాదాపు ఆరేళ్ళ పాటు ఈ ప్రతిపాదనను ఎక్కువమంది అంగీకరించలేదు. అయినా టెమిన్ తన ప్రయత్నం మానలేదు.

ఎంజైము ఆవిష్కరణ

1970లో సతోషి మిజుటానితో కలసి, ఈ మార్పును జరిపే ఎంజైము వైరసు కణంలోనే ఉన్నదని టెమిన్ కనుగొన్నాడు. అదే సమయంలో బాల్టిమోర్ కూడా విడిగా ఈ ఎంజైమును కనుగొన్నాడు. ఇద్దరి పత్రాలు నేచర్ పత్రిక ఒకే సంచికలో వెలువడ్డాయి. ఈ ఎంజైమును రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ అనీ, ఇది గల వైరసులను రిట్రోవైరసులనీ అంటారు.

ప్రాముఖ్యత

ఎయిడ్స్ కలిగించే హెచ్.ఐ.వి. కూడా రిట్రోవైరసే. 1987లో అమెరికాలో అనుమతి పొందిన తొలి ఎయిడ్స్ మందు జిడోవుడిన్ ఈ ఎంజైమునే అడ్డుకొంటుంది. ఆర్.ఎన్.ఏ. నుండి డి.ఎన్.ఏ. ప్రతిని తయారు చేయడానికి ప్రయోగశాలలలో కూడా ఈ ఎంజైమును విరివిగా వాడుతారు.

చివరి సంవత్సరాలు

టెమిన్ ధూమపానాన్ని తీవ్రంగా వ్యతిరేకించాడు. స్టాక్‌హోమ్‌లో నోబెల్ ఉత్సవాల సందర్భంగా కూడా పొగ త్రాగేవారిని బహిరంగంగా మందలించాడు. 1992లో అమెరికా జాతీయ విజ్ఞాన పతకం ఆయనకు లభించింది. ఎన్నడూ పొగ త్రాగని టెమిన్, ఊపిరితిత్తుల క్యాన్సరుతో 1994లో మాడిసన్ నగరంలో మరణించాడు. ఆ నగరంలోని విశ్వవిద్యాలయ ప్రాంగణంలో సరస్సు ఒడ్డున ఉన్న బాటకు ఆయన పేరు పెట్టారు.