మంచు సముద్రపు మహనీయుడు నాన్సెన్



ఈసారి మహనీయుల జీవితం రాసే వంతు నాకు వచ్చింది. ఇంతకుముందు మన వాళ్లు అల్లూరి సీతారామరాజు గారి గురించి, కొమరం భీం గురించి, బిర్సా ముండా గురించి రాశారు. అవన్నీ బాగున్నాయి. నేను మాత్రం నార్వే దేశపు ఆయన గురించి రాస్తున్నాను. ఆయన పేరు ఫ్రిట్యోఫ్ నాన్సెన్. ఈయన మనకెందుకు అని కొందరు అడిగారు. చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

నాన్సెన్ గారు 1861 అక్టోబర్ 10న నార్వే రాజధాని దగ్గర జన్మించారు. ఆ ఊరిని ఇప్పుడు ఓస్లో అంటున్నారు. వాళ్ల నాన్న లాయరు. నాన్సెన్ గారు చిన్నప్పటి నుంచి కాళ్లకు పొడుగాటి చెక్కలు కట్టుకొని మంచు మీద జారడంలో దిట్ట. ఆ చెక్కల్ని స్కీలు అంటారు. యూనివర్సిటీలో జంతుశాస్త్రం చదివారు. 1882లో సీళ్లను వేటాడే ఓడ ఎక్కి మొదటిసారి ఉత్తర ధ్రువం వైపు మంచు సముద్రం చూశారు. దాన్నే ఆర్కిటిక్ అంటారు.

1888లో ఆయన గ్రీన్‌ల్యాండ్ అనే మంచు దీవిని ఈ వైపు నుంచి ఆ వైపుకి దాటాలనుకున్నారు. అంతకుముందు వెళ్లినవాళ్లు జనం ఉన్న పడమటి వైపు నుంచి బయలుదేరేవారు, భయం వేస్తే వెనక్కి రావచ్చని. ఈయన జనం చాలా తక్కువ ఉన్న తూర్పు వైపు దిగారు. ఇంక వెనక్కి పోవడానికి ఏమీ లేదు, ముందుకే పోవాలి. మొత్తం ఆరుగురు. ఆ ఆరుగురిలో ఇద్దరు సామీ జాతి వాళ్లు. వాళ్ల పేర్లు బాల్టో, రావ్నా. సామీలు అక్కడి ఆదివాసీలు, రెయిన్‌డీర్ మందల్ని మేపుకుంటారు. ఈ సంగతి చదివినప్పుడు నాకు చాలా సంతోషం వేసింది. ఆరుగురూ బతికి అవతలి ఒడ్డుకు చేరారు. అప్పటికే ఆ ఏటి ఆఖరి ఓడ వెళ్లిపోయింది. చలికాలమంతా అక్కడి ఇన్యూట్ ఆదివాసీల దగ్గర ఉండిపోయారు. వాళ్ల దగ్గర తోలు పడవ నడపడం, వేటాడడం నేర్చుకున్నారు. దాన్ని కయాక్ అంటారు. పెద్ద చదువు చదివినాయన ఆదివాసీల దగ్గర విద్య నేర్చుకున్నారు.

తరువాత ఇంకా పెద్ద పని తలపెట్టారు. జీనెట్ అనే అమెరికా ఓడ 1881లో సైబీరియా పైన మంచులో నలిగి మునిగిపోయింది. మూడేళ్లకు దాని వస్తువులు ఎక్కడో దూరాన గ్రీన్‌ల్యాండ్ ఒడ్డున దొరికాయి. సైబీరియా చెట్ల దుంగలు కూడా అక్కడికి కొట్టుకొస్తాయి. అయితే మంచు కింద నీళ్లు ఒకవైపుకి నడుస్తున్నాయన్నమాట అని ఆయనకు తట్టింది. మా తాతది దివిసీమలో నాగాయలంక వైపు. మడ అడవిలో పీతలు పట్టేవాడు. కాలవలో కొట్టుకుపోయే పుల్లని చూసి పోటు ఎప్పుడు తిరుగుతుందో చెప్పేసేవాడు. నాన్సెన్ గారిది కూడా మా తాత లెక్కే, కాకపోతే సముద్రమంత పెద్దది.

ఆయన ఫ్రామ్ అనే ఓడ కట్టించారు. ఫ్రామ్ అంటే ముందుకు అని అర్థం. దాని అడుగు గుండ్రంగా ఉంటుంది. తడిసిన చింతగింజను రెండు వేళ్లతో నొక్కితే ఎలా జారుతుందో, మంచు రెండు పక్కల నుంచి నొక్కితే ఆ ఓడ అలా పైకి లేస్తుంది. 1893లో 13 మందితో బయలుదేరి, కావాలనే ఓడను మంచులో ఇరికించారు. మంచు ఎటు తీసుకెళ్తే అటు పోవడమే. చాలామంది పిచ్చి అన్నారు. కానీ ఓడ నలగలేదు.

ఓడ ధ్రువం దాకా పోదని తెలిశాక, 1895 మార్చిలో ఆయన, యొహాన్సెన్ అనే ఆయన కుక్కల బళ్లతో దిగి నడిచారు. 86 డిగ్రీలు దాటి వెళ్లారు. అప్పటిదాకా మనిషి ఎవరూ అంత ఉత్తరానికి పోలేదు. ఇంక పోతే చచ్చిపోతామని వెనక్కి తిరిగారు. దారిలో ఇద్దరి గడియారాలూ ఆగిపోయాయి. చలికాలం ఒక దీవిలో రాళ్లతో గుడిసె కట్టుకొని, వాల్రస్ తోలు పైన కప్పి, ఎలుగుబంటి మాంసం తిని బతికారు. ఒకరోజు వాళ్ల కయాక్‌లు తాడు తెగి కొట్టుకుపోయాయి. నాన్సెన్ గారు మంచునీళ్లలో దూకి ఈది వాటిని పట్టుకొచ్చారు. 1896 ఆగస్టులో ఇల్లు చేరారు. కొద్దిరోజులకే ఫ్రామ్ కూడా వచ్చింది. 13 మందిలో ఒక్కరు కూడా చనిపోలేదు.

ఇక్కడ మన మచిలీపట్నం సంగతి ఒకటి చెప్పాలి. 1596లో డచ్చి నావికుడు బారెంట్స్ ఆసియాకి రావడానికి ఆర్కిటిక్ మీదుగా దారి వెతుకుతూ మంచులో ఇరుక్కున్నాడు, తిరుగు దారిలో చనిపోయాడు. ఆ డచ్చివాళ్లే ఆఫ్రికా చుట్టూ తిరిగి 1605లో మన బందరులో వ్యాపారం పెట్టారు. అంటే అప్పట్లో ఆ మంచులోకి పోయింది మన వైపు రావడానికే. ఇప్పుడు మంచు కరిగి ఆ దారి వేసవిలో తెరుచుకుంటోంది. ఓడలు పోతున్నాయి. చమురు కోసం, చేపల కోసం దేశాలు చూస్తున్నాయి.

సముద్రానికి గట్లు లేవు కదా. ఒక దేశం ఒక్కటే దాన్ని చదవలేదు. అందుకే 1902లో 8 దేశాలు కలిసి సముద్ర పరిశోధన మండలి పెట్టుకున్నాయి. దాన్ని పెట్టినవాళ్లలో నాన్సెన్ గారు ఒకరు.

మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక ఆయన మంచు వదిలి మనుషుల కోసం తిరిగారు. ఖైదీలుగా దూరదేశాల్లో చిక్కుకుపోయిన సిపాయిలను 4 లక్షలకు పైగా ఇళ్లకు చేర్పించారు. 1921లో రష్యాలో పెద్ద కరువు వచ్చింది. ప్రభుత్వాలు డబ్బు ఇవ్వమన్నాయి. ఆయన ఊరూరా తిరిగి ప్రజల దగ్గర చందాలు పోగుచేశారు. అప్పుడే లక్షల మంది రష్యా విడిచి వచ్చి ఏ దేశం కాగితమూ లేకుండా ఉన్నారు. కాగితం లేకపోతే పని లేదు, ఇంకో దేశం పోనివ్వరు. 1922లో నాన్సెన్ గారు వాళ్లకి ఒక కాగితం ఇప్పించారు. దాన్ని నాన్సెన్ పాస్‌పోర్టు అన్నారు. 50కి పైగా దేశాలు దాన్ని ఒప్పుకున్నాయి. ఆ ఏడాదే ఆయనకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ఆ డబ్బు కూడా సహాయానికే ఇచ్చేశారు. 1930 మే 13న మరణించారు.

ఇప్పుడు నా సంగతి రాస్తాను. మేము యానాదులం. మా అమ్మానాయనలు గుడివాడ వైపు చేపల చెరువుల కాపలాకి పోతారు. ఒక చెరువు అయిపోతే ఇంకో చెరువు. నేను చెరువు గట్టు మీద పాకలో పుట్టాను. పుట్టినట్టు కాగితం లేదు. ఐదో తరగతిలో గురుకులంలో సీటు వచ్చింది కానీ కుల సర్టిఫికెట్ లేదు. మీరు యానాదులే అని రుజువేంటి అని అడిగారు. మా నాయన ఏం చెప్పాలో తెలియక చేతులు చూపించాడు. అవి ఉప్పునీళ్లకు పగిలిపోయి ఉన్నాయి. చేతులు చూసి సర్టిఫికెట్ ఇవ్వరు కదా. ఒక టీచరమ్మ మా వెంట ఎనిమిదిసార్లు తిరిగితే కాగితం వచ్చింది. స్కూలు తెరిచిన రెండు నెలలకి నేను చేరాను. నాతోపాటు సీటు వచ్చిన మా పిన్నమ్మ కూతురికి కాగితం రాలేదు. అది ఇప్పుడు రొయ్యలు వలుస్తోంది. అందుకే నాన్సెన్ పాస్‌పోర్టు గురించి చదివినప్పుడు నాకు ఏడుపు వచ్చింది.

ఇంకో సంగతి. ఆయన నడిచి దాటిన గ్రీన్‌ల్యాండ్ మంచు ఇప్పుడు కరుగుతోంది. నీళ్ల మీద తేలే మంచు కరిగితే సముద్రం పెద్దగా పెరగదు. నేల మీద ఉన్న మంచు కరిగి సముద్రంలో కలిస్తే పెరుగుతుంది. గ్లాసులో ఐసు వేసి సైన్స్ సార్ చూపించారు కదా. ఆ నీళ్లు అక్కడే ఉండవు, దివిసీమకు కూడా వస్తాయి. 1977 నవంబర్ 19 ఉప్పెనలో మా తాత చిన్నపిల్లాడు. తాడిచెట్టు పట్టుకొని బతికాడు. వాళ్ల అమ్మ బతకలేదు. సముద్రం ఎత్తు పెరిగితే ఇంకో ఉప్పెన ఇంకా లోపలికి వస్తుంది.

అందుకని ఇప్పుడు దేశాలు కలిసి పని చేస్తున్నాయి. 1996లో 8 దేశాలు ఆర్కిటిక్ మండలి పెట్టాయి. అందులో 6 ఆదివాసీ సంఘాలు కూడా కూర్చుంటాయి. సామీలది ఒకటి, ఇన్యూట్‌లది ఒకటి. ఓటు లేదు గాని వాళ్లను సంప్రదించాలి. మన దేశం 2008లో నార్వే వాళ్ల స్వాల్‌బార్డ్ దీవుల్లో హిమాద్రి అనే పరిశోధన కేంద్రం పెట్టింది. 2013 నుంచి మండలిలో పరిశీలకురాలిగా ఉంది. 2022లో రష్యా, ఉక్రెయిన్ యుద్ధం వల్ల మండలి పని ఆగింది, తరువాత కొంత కొంత మొదలైంది. మనుషులు కొట్టుకుంటే మంచు ఆగి చూడదు, కరుగుతూనే ఉంటుంది.

దీన్నిబట్టి నాకు అర్థమైంది ఏమిటంటే, నాన్సెన్ గారు ఒక్కరే గొప్ప కాదు. సామీలు, ఇన్యూట్‌లు, తోడు వచ్చినవాళ్లు ఉంటేనే ఆయన బతికారు. ఆ సంగతి ఆయన మర్చిపోలేదు. అందుకే దిక్కులేని వాళ్ల పక్కన నిలబడ్డారు.

మన హాస్టల్లో ఇంకా ఆధార్ లేనివాళ్లు, సర్టిఫికెట్ లేనివాళ్లు ఉంటే సిగ్గుపడకుండా నాకు పేరు చెప్పండి. నేను జాబితా రాసి వార్డెన్ మేడం గారికి ఇస్తాను. మేడం గారూ, మా పిన్నమ్మ కూతురి పేరు మొదట రాయవచ్చా?

ఇట్లు,
మీ తొమ్మిదో తరగతి విద్యార్థిని