గోలకొండ కవుల పేరు నిలిపిన సురవరము

తెలంగాణములో తెలుగు కవులు లేరను మాట ఒకప్పుడు పండితులలోనే వినవచ్చెను. ఆ మాటకు సురవరం ప్రతాపరెడ్డిగారు వాదముతో గాక గ్రంథముతో సమాధానము చెప్పిరి.

ప్రతాపరెడ్డిగారు 1896 మే 28వ తేదీన గద్వాల సంస్థానములోని బోరవెల్లిలో జన్మించిరి. వారి స్వగ్రామము ఇటిక్యాలపాడు. మద్రాసులో విద్య ముగించి, న్యాయశాస్త్ర పట్టము పొంది, హైదరాబాదు చేరిరి. నాటి నిజాము రాజ్యమున కచేరీలలోను, ఉన్నత విద్యలోను ఉర్దూదే అగ్రస్థానము. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధన ఉర్దూలోనే సాగెను. ఇట్టి కాలమున, 1925 మే 10వ తేదీన, వారి సంపాదకత్వమున గోలకొండ పత్రిక వెలువడెను. ఆరంభదశలో మారుపేర్లతో పలు రచనలు చేసి వారే పత్రిక పుటలను నింపుచుండిరి.

నేడు మహానగరములో కలిసిపోయిన ఉప్పల్, నాచారములు నాడు నగరమునకు తూర్పున వెలుపలనున్న పల్లెలు. అట్టి పల్లెలలో పద్యము చెప్పగలవారున్నను వారి పేరు ఊరి పొలిమేర దాటుట దుర్లభము. అచ్చుకు నోచుకొనని కవి లేనివానితో సమానమయ్యెను. ఈ కొరతను ప్రతాపరెడ్డిగారు గుర్తించిరి. ఊరూర నున్న కవుల పద్యములను, జీవిత విశేషములను సేకరించి, 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. అందు 354 మంది కవులకు చోటు దొరకెను. సంస్థాన పండితులతోపాటు అజ్ఞాతముగా నున్నవారికిని, స్త్రీలకును అందు స్థానము లభించెను. ఆ సంచిక వెలువడిన పిమ్మట తెలంగాణములో కవులు లేరనుటకు ఎవరికిని ఆధారము మిగులలేదు.

వారు స్వయముగా కవులు, కథకులు కూడ. మొగలాయి కథలలో నిజాము కాలపు పాలనా వ్యవహారములను హాస్యముతో చిత్రించిరి. 1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘిక చరిత్ర వారి కృషికి శిఖరము. రాజుల యుద్ధములను ప్రక్కకు నెట్టి, ప్రజల తిండి, బట్ట, ఆటపాటలు, ఆచారములు ఎట్లుండెనో ప్రాచీన కావ్యములనుండియే ఏరి చూపిరి. ఇతరులు అలంకారములు వెదకిన పద్యములలో వారు సామాన్యుని బ్రతుకును వెదకిరి. సంచికలో మరుగుపడిన కవిని కాపాడినట్లే, చరిత్రలో మరుగుపడిన ప్రజను కాపాడిరి.

1952లో వనపర్తి నుండి శాసనసభకు ఎన్నికయిరి; 1953 ఆగస్టు 25వ తేదీన కీర్తిశేషులయిరి. 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగునకు ఇచ్చిన తొలి పురస్కారము వారి సాంఘిక చరిత్రకే దక్కెను. దానిని అందుకొనుటకు వారు లేరు.

అవమానమునకు ఆగ్రహము సులభమైన ప్రతిక్రియ. సాక్ష్యమును ప్రోగుచేయుట కష్టమైనది. వారు కష్టమైన దానినే ఎన్నుకొనిరి. తమ ఊరి పెద్దలనోట నిలిచియున్న ఒక్క పద్యమునైనను వ్రాసియుంచు విద్యార్థి ఆ మార్గమున నడచినవాడగును.