గంగచేపలకు గుర్తులు చెప్పిన వైద్యుడు

గాజుతొట్టిలో రెండంగుళముల మీసముల చేప యొకటి రాతిసందున నణగి యున్నదనుకొందము. అది ఏ యేటినుండి వచ్చినదో అమ్మినవా డెరుగడు. కొన్నవానికి అంతకన్న తెలియదు. దాని నిజమైన పేరు తెలిసికొనవలెనన్న, మీసములను లెక్కింపవలెను. వీపుముల్లు నునుపైనదో, రంపపు పండ్లు గలదో చూడవలెను. ఒక్కొక్క రెక్కలోని ఈనెలను ఎంచవలెను. ఆ లెక్కలను పూర్వులు వ్రాసియుంచిన వర్ణనలతో సరిపోల్చవలెను. ఆ చేప గంగా బ్రహ్మపుత్రల నీటిలో పుట్టినదైనచో, ఆ వెదకులాట చాలమారులు 1822లో ఎడింబరోలో వెలువడిన యొక గ్రంథమునొద్దకు చేరును. గంగానదియందలి మత్స్యములను వర్ణించిన ఆ గ్రంథమునకు కర్త ఫ్రాన్సిస్ బుకానన్ హామిల్టన్.

ఆయన 1762లో స్కాట్లండునందు జన్మించెను. తండ్రి యింటి పేరు బుకానన్. తల్లివైపు ఆస్తి సంక్రమించిన పిదప హామిల్టన్ అను పేరును స్వీకరించెను. ఎడింబరో విశ్వవిద్యాలయమున వైద్యము చదివి 1783లో పట్టము పొందెను. కొంతకాలము ఓడలపై వైద్యుడుగా పనిచేసి, 1794లో ఈస్టిండియా కంపెనీవారి బెంగాలు వైద్యశాఖలో చేరెను. మరుసటి యేట రాయబారి వెంట బర్మాకు వెళ్ళెను. 1800లో మద్రాసునుండి బయలుదేరి మైసూరు, కెనరా, మలబారు దేశములను పరిశీలించెను. 1802లో నేపాళమునకు పోయెను. ఎచటికి పోయినను వైద్యముతోపాటు చెట్టుచేమలను, జంతువులను, ప్రజల వృత్తులను గమనించి వ్రాసికొనుట ఆయనకు నిత్యకృత్యము.

1807 మొదలు 1814 వరకు బెంగాలు, బీహారు జిల్లాలను సర్వేచేయు భారము ఆయనపై పడెను. దినాజపురము, రంగపురము, పూర్ణియా, భాగల్పూరు, పాట్నా, గోరఖ్‌పూరు ప్రాంతములలో పంటలు, పరిశ్రమలు, ఆచారములు అన్నియు ఆ సర్వేలో చేరినవి. జాలరుల వలలలో పడిన చేపలును ఆయన దృష్టిని తప్పించుకొనలేదు. భారతీయ చిత్రకారులచే వాని బొమ్మలు వ్రాయించెను. తాను ప్రతి చేపయొక్క మీసములను, ముళ్ళను, ఈనెలను లెక్కించి వర్ణన వ్రాసెను. స్థానికులు దాని నేమని పిలుతురో అడిగి ఆ పేరునుగూడ పదిలపరచెను.

1814లో కలకత్తా వృక్షోద్యానమునకు అధికారి అయ్యెను. మరుసటి యేడు స్వదేశమునకు మరలు సమయమున ఆయనకు గొప్ప ఆశాభంగము కలిగెను. అనేక వత్సరముల శ్రమతో సేకరించిన చిత్రములను వెంట గొనిపోవుటకు గవర్నరు జనరలు మోయిరా ప్రభువు అనుమతింపలేదు. అవి కంపెనీ సొత్తుగా కలకత్తాలో నిలిచిపోయెను. సారాయిలో భద్రపరచిన చేపల నమూనాలును ఆయన వెనుక మిగులలేదు. శాస్త్రజ్ఞునకు ఇది చిన్న నష్టము కాదు. నమూనా లేనిచో తరువాతివారు సందేహము తీర్చుకొనుటకు చూడదగిన వస్తువే లేదు.

అయినను ఆయన పని విడువలేదు. ఏడేండ్లకు గ్రంథము వెలువడెను. అందు దాదాపు 270 జాతుల వర్ణనలు ఉండగా, చిత్రఫలకములు 39 మాత్రమే. బొమ్మ లేనిచోట మాటలును అంకెలును ఆ లోటును తీర్పవలసి వచ్చెను. నేడు ప్రపంచమంతట ప్రయోగశాలలలో పెంచబడుచున్న చారల చిన్న చేప 'రేరియో' ఆ గ్రంథమునందే తొలిసారి వర్ణింపబడినది. మీసముల చేపలలో రీటా, పంగాసియస్, బగేరియస్, హర, చాక మొదలగునవి అందలివే. చాక వెడల్పయిన బల్లపరుపు తలతో అడుగున కదలక పడియుండి, దగ్గరకు వచ్చిన చేపను మ్రింగును. ఈ నామములలో పెక్కు జాలరుల నోటినుండి వచ్చినవే.

దేశీయ నామములు ఎంత ఉపకరించునో చూపుటకు తెలుగువారి వాలుగయే చాలును. ఆయన బెంగాలీ పేరు 'బోయాల్' ననుసరించి ఒక చేపకు 'బోయాలిస్' అని పేరిడెను. ఆ చేప 1801లోనే 'అట్టు' అను పేరుతో జర్మనీలో వర్ణింపబడియుండెను. పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నమున దానినే చూచి తెలుగు పేరుతో 1803లో ప్రకటించెను. తుదకు అన్నియు ఒకటేయని తేలి, ముందుగా ఇడిన 'అట్టు' జాతినామముగా నిలిచెను. 1851లో డచ్చి వైద్యుడు బ్లీకర్ స్థాపించిన ప్రజాతికి మన వాలుగ పేరే 'వల్లాగో'గా మారి దక్కెను.

కలకత్తాలో నిలిచిన చిత్రములు వృథా కాలేదు. ఫ్రాన్సిస్ డే వానిని పరిశీలించెను. 1929లో సుందర్‌లాల్ హోరా వాని సాయముతో హామిల్టన్ చేపలలో అనేక సందేహములను తీర్చెను. అయినను పోలికల చిక్కు పూర్తిగా తీరునది కాదు. గాజుతొట్టెలలో పెంచు హర వంటి చిరుచేపలలో, 1870లో డే వర్ణించిన జెర్డోని యను నాలుగు సెంటీమీటర్ల చేపయు కలదు. దాని ప్రక్కముళ్ళు శరీరమునకు మించిన పొడవుగా తోచును. రంగును చూచి పేరు పెట్టువాడు ఇట్టిచోట మోసపోవును. ముల్లును కొలిచినవాడు నిలుచును.

హామిల్టన్ 1829లో స్కాట్లండున మరణించెను. తాను కోల్పోయిన బొమ్మలు తిరిగి ఆయన చేతికి రాలేదు. ఆయన వ్రాసిన లెక్కలు మాత్రము మిగిలినవి. తరగతిలో ఒక చేపను బల్లపై నుంచి, దాని మీసము లెన్నియో లెక్కింపుమని ఉపాధ్యాయుడు బాలుని అడిగినపుడు, ఆ బాలుడు చేయునది హామిల్టన్ గంగాతీరమున చేసిన పనియే.