ఇటుకలు కాల్చిన బడి

బుకర్ టి. వాషింగ్టన్ 1856లో అమెరికా దేశమందలి వర్జీనియాలో ఒక బానిస స్త్రీకి జన్మించెను. 1865లో విడుదల కలిగిన పిమ్మట ఉప్పు కాచుచోటను, బొగ్గు గనిలోను కూలిచేసెను. 1872లో, కొంత నడచి కొంత బండ్లమీద, సుమారు 500 మైళ్ల దూరమందున్న హాంప్టన్ బడికి చేరెను. అచ్చటి ఉపాధ్యాయురాలు పరీక్షగా ఒక గది ఊడ్వమనెను. అతడు మూడు మారులు ఊడ్చి నాలుగు మారులు తుడిచెను. ఆమె చేతిరుమాలుతో బల్లలు రుద్ది చూచి, ధూళి కానక, అతనిని చేర్చుకొనెను.

1881 జూలై 4న అలబామాలోని టస్కీగీలో, సుమారు ముప్పదిమంది నల్లజాతి విద్యార్థులతో అతడు ఒక బడి తెరచెను. వాన వచ్చినప్పుడు విద్యార్థి ఒకడు గొడుగు పట్టగా అతడు పాఠము చెప్పెనట! చదువుతోపాటు ప్రతివాడును ఒక చేతిపని నేర్వవలెనని నియమము. తల్లిదండ్రులు సమ్మతింపలేదు. బానిసలమై పడిన పాటు చాలదా, బిడ్డలకు పుస్తకములే చాలునని మొరపెట్టిరి. బడికి పోయిన బిడ్డ నాగలి ముట్టరాదను తలంపు మన పల్లెలలోను లేకపోలేదు గదా.

కట్టడములకు ఇటుకలు కావలసెను. మోకాటిలోతు బురదలో దిగుటకు విద్యార్థులు రోసిరి, కొందరు బడియే విడిచిపోయిరి. మొదటి బట్టీ సరిగా కాలలేదు. రెండవదియు చెడెను. మూడవది వారమంతయు కాలి, తుదకు రాత్రివేళ కూలిపోయెను. చేత కాసు లేదు. వాషింగ్టన్ తన గడియారమును 15 డాలర్లకు తాకట్టుపెట్టి నాలుగవ బట్టీ పేర్చించెను. అది చక్కగా కాలెను. గడియారము మాత్రము మరల విడిపించుకొనలేకపోయెను. ఐగుప్తులో ఇశ్రాయేలీయులు ఇటుకలు చేసినది ఫరో కొరకు. ఈ పిల్లలు చేసినది తమ బడి కొరకు. ఈ భేదమును మేము గొప్పదిగా ఎంచుచున్నాము. ఆ బడియనిన గిట్టని తెల్లవారు సైతము మంచి ఇటుకలకై అచ్చటికే వచ్చిరి.

1903లో డుబాయిస్ అను పండితుడు, చేతిపనులకే ప్రాముఖ్యమిచ్చిన ఆ జనులకు ఉన్నతవిద్యయు హక్కులును దక్కవని తన గ్రంథములో ఆక్షేపించెను. అందు న్యాయము కలదని మాకు తోచుచున్నది. అయినను టస్కీగీ ఉపాధ్యాయులనుకూడ తయారుచేసి పల్లెలకు పంపెను. 1896లో జార్జి వాషింగ్టన్ కార్వర్ వచ్చి వ్యవసాయ శాఖను నడపెను.

1915 నవంబరు 14న వాషింగ్టన్ మరణించునాటికి అచ్చట సుమారు 1500 మంది చదువుచుండిరి. నూరు కట్టడములకు పైగా ఉండెను. వానిలో పెక్కింటిని విద్యార్థులే కట్టిరి. అతనిని ఆ ఆవరణములోనే సమాధిచేసిరి.